నెలసరికి ముందు కడుపు ఎందుకు ఎదురు తిరుగుతుంది: సీలియాక్ ఉన్న స్త్రీలకు సమగ్ర మార్గదర్శి

మూడు వారాలు కడుపు చెప్పినమాట వింటుంది. నాలుగో వారం రాగానే ఉబ్బరం, గడబిడ, ఒకరోజు మలబద్ధకం, మర్నాడు విరేచనాలు. గోధుమ ముట్టి ఏళ్లయింది. ఇంట్లో మైదా పొట్లం కూడా లేదు. అయినా ఇదేమిటని సీలియాక్ వ్యాధి ఉన్న స్త్రీలలో చాలామంది తలపట్టుకుంటారు. సీలియాక్ అంటే గోధుమ, బార్లీ లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తి వల్ల చిన్నపేగు లోపలి పొర దెబ్బతినే జబ్బు. ఇంట్లో వాళ్లు "ఏదో పడలేదులే" అంటారు. కొందరు వైద్యులు "నెలసరికి అది మామూలే" అని పంపేస్తారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఏ రోజున ఏది నిజమో తేల్చుకోవడమే అసలు పని.

నెలసరి దగ్గరపడే రోజుల్లో కడుపును ఇబ్బంది పెట్టేవి మూడు. మొదటిది హార్మోన్ల వల్ల పేగు నడకలో వచ్చే మార్పు. ఇది సీలియాక్ లేనివారికీ వస్తుంది. రెండోది ఆ రోజుల్లోనే ఇంట్లోకి, ఒంట్లోకి ఎక్కువగా దూరే నిజమైన గ్లూటెన్. దీన్ని చాలామంది అనుమానించరు. మూడోది మిగతా రోజుల్లో పడే పాలు, ఉల్లి, పప్పులు ఆ వారంలో మాత్రం పడకపోవడం. మొదటిదానికి ఓపిక, వేడినీళ్ల సంచి చాలు. రెండోదానికి వంటింటి కాపలా కావాలి. మూడోదానికి కొద్దిరోజుల పథ్యం సరిపోతుంది. మూడింటినీ ఒకే గంపలో వేసి, భయంతో ఒక్కొక్క తిండీ మానేస్తూ పోతే చివరికి పెరుగన్నం మాత్రమే మిగులుతుంది, రక్తహీనత అదనం.

మొదటి మెట్టు: వ్యాధి నిర్ధారణ అయిందా?

అయినవారు ఈ భాగాన్ని దాటేయవచ్చు. నెలసరికి ముందు చపాతీ తింటే కడుపు ఉబ్బుతోంది కాబట్టి తనకు సీలియాక్ ఉందనుకునేవారు మాత్రం ఆగి చదవాలి. పరీక్షలు పూర్తయ్యేదాకా గోధుమ మానకండి. సీలియాక్‌ను పట్టిచ్చే టీటీజీ-ఐజీఏ రక్తపరీక్ష, ఆ తర్వాత ఎండోస్కోపీలో చిన్నపేగు మొదటి భాగం నుంచి తీసే ముక్క, రెండూ గోధుమ తింటున్న శరీరంలోనే సరిగా తేలతాయి. మానేసి కొన్ని నెలలైతే పేగు మానిపోతూ ఉంటుంది, రక్తంలో ప్రతిరక్షకాలూ తగ్గిపోతాయి, ఫలితం "లేదు" అని వస్తుంది. టీటీజీతో పాటు మొత్తం ఐజీఏ (ఈ పరీక్ష వెతికే రకం ప్రతిరక్షకం) ఎంతుందో కూడా చూడమనండి. సీలియాక్ ఉన్నవారిలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఐజీఏ పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది, వారిలో ఈ పరీక్ష మోసం చేస్తుంది. ఇప్పటికే గోధుమ మానేసినవారు సొంతంగా మళ్లీ మొదలుపెట్టకుండా గ్యాస్ట్రోఎంటరాలజిస్టుని అడగాలి. గోధుమ తినకుండానే చేయించుకోగల జన్యుపరీక్ష ఒకటుంది. అందులో డీక్యూ2, డీక్యూ8 అనే జన్యు గుర్తులు రెండూ లేవని తేలితే సీలియాక్ అనుమానాన్ని దాదాపుగా వదిలేయవచ్చు.

అన్నం తినేవాళ్లకు ఈ జబ్బు రాదని మన వైపు గట్టి నమ్మకం. అందులో కొంత నిజం ఉంది. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో ఉత్తరాదిన నూటికి 1.23 మంది రక్తంలో సీలియాక్ ప్రతిరక్షకాలు కనిపిస్తే, దక్షిణాదిన 0.10 మందిలోనే కనిపించాయి. జన్యువుల లెక్కలో మాత్రం రెండు ప్రాంతాలకూ పెద్ద తేడా లేదు, తేడా అంతా గోధుమ వాడకంలో ఉంది. షుగర్ భయంతో రాత్రి అన్నం మాని చపాతీకి మారిన ఇళ్లు మన ఊళ్లలో ఇప్పుడు ఎన్నో చూస్తున్నాం. కాబట్టి "మనకెందుకు వస్తుంది" అనే వైద్యుడు ఎదురైతే పరీక్ష రాయమని మర్యాదగానే పట్టుబట్టండి.

రెండో మెట్టు: ఆ వారంలో ఒంట్లో జరిగేది

నెలసరి చక్రం 28 రోజులని పుస్తకాలు చెబుతాయి గానీ 21 నుంచి 35 రోజుల మధ్య ఎంతున్నా మామూలే. అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ పెరుగుతుంది. గర్భసంచి కండరాలను సడలించి ఉంచడం దాని పని. కానీ అది గర్భసంచి దగ్గరే ఆగదు, పేగు గోడల్లోని కండరాలనూ సడలిస్తుంది. అందుకే చక్రం రెండో సగంలో కొందరికి ఉబ్బరం, మలబద్ధకం వస్తాయి. గర్భం నిలవకపోతే ప్రొజెస్టరాన్ ఒక్కసారిగా పడిపోతుంది. గర్భసంచి లోపలి పొర ప్రోస్టాగ్లాండిన్లను వదులుతుంది. అవి గర్భసంచిని పిండి నెత్తురును బయటికి పంపుతాయి, పక్కనే ఉన్న పేగునూ కదిలిస్తాయి. నిన్నటిదాకా బిగుసుకున్న కడుపు ఇవాళ నీళ్లలా కావడానికి కారణం ఇదే.

కెనడాలో 156 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలను ప్రశ్నించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 73 మంది నెలసరికి ముందో, నెలసరి రోజుల్లోనో కడుపుకు సంబంధించిన ఇబ్బంది ఏదో ఒకటి ఉందని చెప్పారు. వీళ్లెవరూ సీలియాక్ కారణంగా ఎంపికైనవారు కారు. అంటే ఆ రోజుల్లో కడుపు చెడిన ప్రతిసారీ గ్లూటెన్‌ను దోషిగా నిలబెట్టలేం.

దీనికి తోడు, ఆ రోజుల్లో నొప్పి కాస్త ఎక్కువగా తెలుస్తుంది. పేగులో గాలి అంతే ఉన్నా పదో రోజున పట్టనిది ఇరవయ్యేడో రోజున పొడిచినట్టుంటుంది. పేగు ఇంకా పూర్తిగా మానని సీలియాక్ రోగిలో, లేదా సీలియాక్‌తో పాటు ఐబీఎస్ (పేగులో దెబ్బ కనిపించకుండానే తరచూ నొప్పి, విరేచనాలు, మలబద్ధకం వచ్చే సమస్య) కూడా ఉన్నవారిలో ఇది మరీ కనిపిస్తుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా పట్టుకోవాలి. చక్రంలో ఏ రోజైనా గ్లూటెన్ పేగుకు చేసే హాని హానే. పదో రోజున తింటే ఏమీ తెలియలేదు కాబట్టి పదో రోజున తినవచ్చు అనే లెక్క తప్పు. లక్షణం తెలియకపోయినా లోపల పొర దెబ్బతింటుంది.

మూడో మెట్టు: రెండు లెక్కలు ఒకే పుస్తకంలో

తిండి డైరీ రాయమని అందరూ చెబుతారు. నెలసరి తేదీలను ఫోనులో చాలామంది గుర్తుపెట్టుకుంటారు. ఈ రెండూ వేర్వేరు చోట్ల ఉన్నంతకాలం సంగతి తేలదు. ఒకే పుస్తకంలో, ఒకే వరుసలో ఉండాలి. మూడు చక్రాలు రాస్తే చాలు. అంతకన్నా తక్కువైతే కాకతాళీయానికీ నిజానికీ తేడా తెలియదు. ఎక్కువ రాస్తే తిండి మీద బెంగ పెరుగుతుంది.

మొదటి రోజు అంటే నిండుగా నెత్తురు మొదలైన రోజు. ముందురోజు కనిపించే చిన్న మరకను లెక్కలోకి తీసుకోకండి. ప్రతిరోజూ రాయాల్సినవి ఇవి: చక్రంలో ఎన్నో రోజు, ఏం తిన్నారు, అది ఎవరు ఎక్కడ వండారు, వేసుకున్న మాత్రలు, కడుపు సంగతి, అన్నింటికీ గంటలు. ఎవరు వండారన్నది చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో అన్నింటికన్నా పనికొచ్చే వివరం అదే. మలం తీరును బ్రిస్టల్ కొలబద్ద ప్రకారం ఒక అంకెతో రాస్తే సరిపోతుంది. 1, 2 అంటే గట్టి ఉండలు, 3, 4 మామూలు, 6, 7 అంటే పలుచన, నీళ్లు. వివరంగా వర్ణించే శ్రమ తప్పుతుంది, వైద్యులకూ ఆ అంకెలు అర్థమవుతాయి.

పుటలో ఒక రోజు ఇలా ఉంటుందనుకోండి:

26వ రోజు. ఉదయం 8: ఇడ్లీ, అల్లం పచ్చడి, ఇంట్లో. 11: టీ. మధ్యాహ్నం 1:30: ఆఫీసులో ఒకరి పుట్టినరోజు, పులిహోర, బంగాళాదుంప చిప్స్, బయటివి. 3:00: వికారం. 3:30: వాంతి. సాయంత్రం: నీరసం, తల బరువు. రాత్రి 9: పొత్తికడుపు లాగుతోంది, విరేచనం రెండుసార్లు, అంకె 6.

27వ రోజు. నెత్తురు మరక. విరేచనం ఒకసారి, అంకె 5. మధ్యాహ్నానికి తేలిక.

పైపైన చూస్తే ఇదంతా నెలసరికి ముందు వచ్చే గొడవలాగే ఉంది. గంటలు చూస్తే రెండు సంఘటనలు విడిపోతాయి. పులిహోర తిన్న గంటన్నరకు వికారం, ఆ వెంటనే వాంతి. ఇది తిండి నుంచి వచ్చింది. పులిహోరలో గోధుమ ఎక్కడిదంటారా? ఇంగువలో ఉండవచ్చు. రాత్రి మొదలైన లాగుడు, మర్నాటికి తగ్గిన విరేచనాలు చక్రం పద్ధతిలో ఉన్నాయి. ఒకే రోజున రెండూ కలిసి వచ్చాయి.

నాలుగో మెట్టు: పుస్తకాన్ని చదవడం

మూడు చక్రాలు పూర్తయ్యాక పుటలన్నీ ముందేసుకుని, కడుపు చెడిన రోజుల చుట్టూ గీత గీయండి. ఆ గీతలు ప్రతి నెలా దాదాపు అవే రోజుల్లో పడి, తిన్నది ఏదైనా సరే నెత్తురు మొదలైన రెండు మూడు రోజులకు వాటంతటవే తగ్గిపోతుంటే అది హార్మోన్ల పనే. వాంతి అరుదు. పొత్తికడుపు, నడుము నొప్పి తోడుగా ఉంటాయి.

గ్లూటెన్ పడినప్పటి తీరు వేరు. తెలిసి గ్లూటెన్ ఇచ్చి గమనించిన పరిశోధనల్లో మొదటి లక్షణంగా తరచూ కనిపించింది వికారం. తిన్న ఒకటి రెండు గంటల్లో మొదలై, కొందరిలో వాంతి దాకా వెళుతుంది. కొందరికి కడుపులో ఏమీ తెలియదు గానీ విపరీతమైన నీరసం, మెదడు మసకబారినట్టుండడం, నోటిపూత వస్తాయి. చక్రంలో ఏ రోజైనా రావచ్చు. నెత్తురు మొదలైందని తగ్గిపోదు.

మూడో తీరు మొండిది. ఉబ్బరం, గాలి, కడుపు పట్టేయడం ఆ వారంలోనే వస్తాయి, కానీ ప్రతి నెలా రావు. పాలు, రాజ్మా, పచ్చి ఉల్లి తిన్న నెలల్లో వస్తాయి, తినని నెలల్లో రావు. అదే తిండి పదో రోజున తింటే ఏమీ కాదు. గ్లూటెన్ కాని తిండి పడకపోవడం ఇలా ఉంటుంది. తట్టుకునే శక్తి ఆ వారంలో తగ్గుతుంది, అంతే.

చర్మం మీద దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే అది ఈ మూడింటిలో ఏదీ కాదు, అలర్జీ. గోధుమ అలర్జీ, సీలియాక్ వేర్వేరు జబ్బులు. కొందరిలో గోధుమ తిన్నాక వ్యాయామం చేస్తేనో, నొప్పి మాత్ర వేసుకుంటేనో, నెలసరి రోజులైతేనో మాత్రమే అలర్జీ తీవ్రంగా బయటపడుతుంది. ఇలాంటిది ఒక్కసారి జరిగినా ఆసుపత్రికి వెళ్లాలి, పుస్తకం రాసుకుంటూ కూర్చోకూడదు.

ఐదో మెట్టు: ఆ రోజుల్లో గ్లూటెన్ ఎటునుంచి వస్తుంది

నెలలో మిగతా రోజుల్లో వంటిల్లు మీ చేతిలో ఉంటుంది. పెనం ఎవరిది, జల్లెడ ఎవరిది అన్నది మీకు తెలుసు. నెలసరి రోజుల్లో స్త్రీ వంటింట్లోకి రాకూడదన్న ఆచారం పాటించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆచారం లేని ఇళ్లలోనూ ఒంట్లో బాగాలేదని ఆ రెండు రోజులు వంట వేరేవారు చేస్తారు, లేదా హోటలు నుంచి టిఫిన్ వస్తుంది. అత్తగారు ప్రేమగానే దోశ పోసి పెడతారు. పొద్దున మామగారికి చపాతీలు కాల్చిన పెనం మీద, అదే అట్లకాడతో. పూరీలు వేయించిన నూనెలో అప్పడాలు వేయించి అన్నంలోకి ఇస్తారు. మూడో రోజున కడుపు నొప్పి వస్తే అందరూ నెలసరినే అంటారు.

అందుకని ఆ రోజులు రాకముందే మీకంటూ ఒక పెనం, అట్లకాడ, చిన్న మూకుడు, జల్లెడ విడిగా పెట్టించండి. పెనం పిడికి రంగు దారం కట్టండి, ఎవరు వండినా చూడగానే తెలుస్తుంది. పీట, చెక్క గరిటెలు, గీతలు పడిన నాన్‌స్టిక్ పెనాలు ఎంత తోమినా పిండిని పట్టి ఉంచుతాయి, వాటిని పంచుకోకండి. ఆచారం పాటించే ఇల్లయితే ఈ విడి సామాను ఇంకా సులువుగా కుదురుతుంది. విడిగా పెట్టడం ఆ ఇంటికి ఎలాగూ అలవాటే.

ఇంగువ సంగతికి వద్దాం. అంగట్లో దొరికే పొడి ఇంగువ, ముద్ద ఇంగువ చాలావరకు కలిపిన ఇంగువే. అసలు ఇంగువ బంకకు పిండి, జిగురు చేర్చి తయారు చేస్తారు. ఆ పిండి కొన్ని డబ్బాల్లో బియ్యప్పిండి, కొన్నింటిలో గోధుమపిండి లేదా మైదా. డబ్బా వెనుక సరుకుల జాబితా, దాని కిందనే ఉండే అలర్జీ హెచ్చరిక వరుస చదవండి. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు వాడితే ఆ సంగతి అక్కడ రాయాలని మన ఆహార భద్రత నియమాలు చెబుతున్నాయి. మీ ఇంట్లో బియ్యప్పిండి ఇంగువ వాడినంత మాత్రాన బయటి పులిహోర, సాంబారు, అంగడి పచ్చళ్లు, అప్పడాలు క్షేమమని అర్థం కాదు.

పిండి మర ఇంకో పెద్ద దారి. మీరు రాగులు పట్టించుకోవడానికి వెళ్లేసరికి మీ ముందున్నవారు గోధుమలు పట్టించుకుని ఉంటారు. మరలో మిగిలిన పిండి మీ డబ్బాలోకే వస్తుంది. గోధుమపిండిలో దాదాపు పదో వంతు గ్లూటెన్ ఉంటుంది. కిలో రాగిపిండిలో ఒక గ్రాము గోధుమపిండి కలిసిందంటే, అంటే చెంచాలో మూడో వంతు, ఆ పిండిలో కిలోకు 80 నుంచి 100 మిల్లీగ్రాముల గ్లూటెన్ చేరినట్టే. గ్లూటెన్ లేనిదని ముద్ర వేయడానికి ఉన్న పరిమితి కిలోకు 20 మిల్లీగ్రాములు. మరలో మీకోసం ముందుగా ఒక కిలో బియ్యం పట్టి పక్కకు తీయమని అడిగినా అది పూర్తి రక్షణ కాదు. ఇంట్లో మిక్సీలో పట్టుకోవడం, లేదా గోధుమ పట్టని మర వెతుక్కోవడం మేలు.

నోటి చపలత్వం కూడా ఈ వారంలోనే ఎక్కువ. తీపి మీద మనసు పోతుంది, బిస్కెట్లు, కేకులు, కాజాలు కళ్లెదురుగా ఉంటాయి. దాన్ని బలహీనతగా చూసి మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు, ముందే ఏర్పాటు చేసుకోండి. ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు మన ఇళ్లలో పెట్టే చిమ్మిలి, సున్నుండలు రెండింట్లోనూ గోధుమ లేదు. నువ్వులు బెల్లంతో దంచితే చిమ్మిలి, మినుములు వేయించి తిరగలిలో విసిరి ఉండ కడితే సున్నుండ. ఇంట్లో చేసుకుని ఇరవయ్యో రోజు నాటికి డబ్బాలో ఉంచుకుంటే 26వ రోజున బేకరీ వైపు కాలు పోదు. నీరసంగా ఉందని ఎవరైనా హార్లిక్స్ లాంటి మాల్ట్ పానీయం కలిపిస్తే వద్దనండి. అందులో గోధుమ, బార్లీ మాల్టు రెండూ ఉన్నాయి. ఇంట్లో మొలకెత్తించిన రాగుల మాల్టుకు ఆ భయం లేదు.

ప్రసాదం దగ్గర నిజంగా చిక్కు. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు, ఇంట్లో సత్యనారాయణ వ్రతం ప్రసాదమూ సాధారణంగా రవ్వే. కాదంటే అపచారమనిపిస్తుంది. కళ్లకద్దుకుని పక్కవారి చేతిలో పెట్టేయండి. దేవుడికి మీ చిన్నపేగు సంగతి తెలుసు, పూజారిగారికే తెలియదు. హోటళ్లలో గారెలు మినపవే అయినా మైసూరు బజ్జీ వేసిన నూనెలో వేయిస్తారు. దోశ పెనం మీద రవ్వ దోశ కూడా పోస్తారు. హలీమ్‌లో గోధుమే ప్రధానం, రంజాన్ నెలలో హైదరాబాదులో ఉండేవారు గుర్తుంచుకోవాలి.

ఆరో మెట్టు: పాలు, ఉల్లి, పప్పులు

గ్లూటెన్ దారులన్నీ మూసిన తర్వాతే ఈ మెట్టు ఎక్కాలి. ముందే ఎక్కితే అనవసరంగా మంచి తిండిని మానేస్తారు.

పాలలోని లాక్టోజు అనే చక్కెరను అరిగించే లాక్టేజ్ ఎంజైము చిన్నపేగు లోపల సన్నని వేళ్లలా ఉండే చూషకాల కొనలపై ఉంటుంది. సీలియాక్ మొట్టమొదట దెబ్బతీసేది ఆ కొనలనే. అందుకే వ్యాధి తేలిన కొత్తలో పాలు పడవు. గోధుమ మానేసి పేగు మానుతున్న కొద్దీ చాలామందికి మళ్లీ పడతాయి. దక్షిణాదిలో పెద్దయ్యాక లాక్టేజ్ సహజంగానే తగ్గేవారు కూడా ఎక్కువ. వీళ్లలోనూ చాలామంది ఒక కప్పు పాల వరకు ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు, పెరుగైతే ఇంకా సులువు. కాబట్టి నెలంతా పాలు మానాల్సిన పని లేదు. నెలసరికి అయిదు రోజుల ముందు నుంచి మొదలైన రెండో రోజు దాకా పాలగ్లాసు ఆపి, పెరుగు, మజ్జిగకు పరిమితమై చూడండి.

ఉల్లి, వెల్లుల్లిలో ఫ్రక్టాన్లు అనే ఒకరకం పిండిపదార్థాలు ఉంటాయి. అవి అరగకుండా పెద్దపేగుకు వెళ్లి పులిసి గాలి పుట్టిస్తాయి. గోధుమలోనూ అవే ఉన్నాయి. సీలియాక్ లేకుండానే గోధుమ పడదనే 59 మందిపై నార్వేలో చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, కడుపును ఎక్కువగా ఇబ్బంది పెట్టింది గ్లూటెన్ కాదని, ఫ్రక్టాన్లని తేలింది. మన వంటకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. వెల్లుల్లి రెబ్బలను తాలింపు నూనెలో వేయించి, తీసి పారేసి, ఆ నూనెతో పప్పు తాలింపు పెడితే రుచి దిగుతుంది, గాలి పుట్టించేది దిగదు. ఉల్లికి బదులు ఉల్లికాడల పచ్చటి భాగం వాడవచ్చు. శనగలు, రాజ్మాలకు బదులు ఆ వారం నానబెట్టి నీళ్లు పారబోసిన పెసరపప్పును కొద్దిగా వండుకోండి. కారం ఎక్కువైన పచ్చళ్లు, ఖాళీ కడుపుతో కాఫీ పేగును తొందరపెడతాయి, విరేచనాల రోజుల్లో వాటిని తగ్గించండి.

ఒక చక్రంలో ఒక్కటే మార్చాలి. పాలు, ఉల్లి, పప్పు మూడూ ఒకేసారి ఆపితే, తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియదు. వరసగా రెండు చక్రాల్లో తేడా కనిపిస్తే ఆ మార్పును ఆ వారానికి ఉంచుకోండి, లేకపోతే ఆ తిండిని మళ్లీ తెచ్చుకోండి.

నూరు రెండొందల తిండ్ల జాబితాతో "ఫుడ్ ఇన్‌టాలరెన్స్" రక్తపరీక్షలు అమ్ముతున్నారు. వాటిలో చాలావరకు ఐజీజీ ప్రతిరక్షకాలను కొలుస్తాయి. ఆ ప్రతిరక్షకాలు మీరు తరచుగా ఏం తింటున్నారో చెబుతాయి, ఏది పడదో చెప్పవు. అలర్జీ వైద్యుల సంఘాలు వీటిని వద్దంటున్నాయి. ఆ డబ్బుతో ఒక మంచి పెనం, మిక్సీ జారు వస్తాయి.

ఏడో మెట్టు: నొప్పి మాత్రలు

నెలసరి నొప్పికి మన దగ్గర ఎక్కువగా వాడేది మెఫనమిక్ ఆమ్లం ఉన్న మాత్ర. ఇబుప్రోఫెన్ లాంటివీ ఇదే కుటుంబం. ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకోవడం వీటి పని, అందుకే నొప్పితో పాటు కొందరికి విరేచనాలూ తగ్గుతాయి. ఇంకొందరికి సరిగ్గా ఎదురు జరుగుతుంది, మెఫనమిక్ ఆమ్లం తనే విరేచనాలు తెప్పిస్తుంది. పుస్తకంలో మాత్ర వేసుకున్న గంట రాయమన్నది ఇందుకే. మాత్ర వేసుకోని నెలలో విరేచనాలు లేకపోతే దోషి ఎవరో తెలిసినట్టే. ఈ మందు వల్ల అరుదుగా జ్వరం, ఒళ్లంతా దద్దురు, లోపలి అవయవాలకు దెబ్బతో తీవ్రమైన ప్రతిచర్య రావచ్చని 2023 నవంబరులో భారత ఔషధ ప్రమాణాల సంస్థ హెచ్చరించింది. దద్దురు, జ్వరం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే వైద్యుణ్ని కలవాలి.

ఈ మాత్రలు ఖాళీ కడుపున వద్దు. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం ఉన్నవారు, పేగు ఇంకా మానని సీలియాక్ రోగులు వైద్యుణ్ని అడగకుండా వాడకూడదు. మాత్రల్లో బిగింపు కోసం పిండిపదార్థం వాడతారు. అది ఎక్కువగా మొక్కజొన్నదే అయినా, రోజూ లేదా ప్రతి నెలా వాడే మందు విషయంలో తయారీదారు నంబరుకు ఫోను చేసి అడగడం తప్పేమీ కాదు.

ఎనిమిదో మెట్టు: ఇనుము లెక్క

సీలియాక్, నెలసరి రెండూ ఒకే చోట దెబ్బకొట్టేది ఇక్కడే. తిండిలోని ఇనుమును శరీరం తీసుకునేది చిన్నపేగు మొదటి భాగంలో, సీలియాక్ పాడుచేసేదీ అక్కడే. మరోవైపు రెండు మిల్లీలీటర్ల నెత్తురుతో సుమారు ఒక మిల్లీగ్రాము ఇనుము పోతుంది. మామూలు నెలసరిలో 30, 40 మిల్లీలీటర్లు పోతాయి. 80 దాటితే అధిక రక్తస్రావం. రాబడి తగ్గి ఖర్చు అలాగే ఉంటే ఖజానా ఎంతకాలం ఆగుతుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి ఉంది. ఇంత సాధారణం కావడం వల్లే దాని వెనుక సీలియాక్ దాక్కుంటుంది. నెలలకొద్దీ ఇనుము మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ కదలకపోతే టీటీజీ పరీక్ష అడగండి.

హిమోగ్లోబిన్‌తో పాటు ఫెర్రిటిన్ చూపించుకోండి, నిల్వలు ఎంత ఉన్నాయో అది చెబుతుంది. ఇనుము మాత్రను నిమ్మరసంతోనో, జామపండుతోనో తీసుకోవాలి. టీ, కాఫీ, పాలు, క్యాల్షియం మాత్ర దగ్గరికి రానీయకూడదు. మాత్ర పడక కడుపు నొస్తుంటే రోజు మార్చి రోజు వేసుకోవచ్చా అని వైద్యుణ్ని అడగండి, అలా వేసినా ఒంటికి బాగానే పడుతుంది. ఈ మాత్రలతో మలం నల్లబడుతుంది, మలబద్ధకం వస్తుంది. నెలసరికి ముందు కడుపు బిగిసిందని రాసే ముందు ఇనుము మాత్ర ఎప్పుడు మొదలుపెట్టారో చూసుకోండి. పేగు అసలు తీసుకోకపోతే సెలైన్‌లో ఎక్కించే ఇనుము ఉంది.

తొమ్మిదో మెట్టు: వైద్యుల దగ్గరికి

కొన్నింటికి మూడు చక్రాలు ఆగకూడదు. మలంలో నెత్తురు, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలేపే విరేచనాలు, ఏడు రోజులు దాటే నెలసరి, గంట రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చాల్సి రావడం, పెద్ద గడ్డలు, మూడు నెలలుగా నెలసరి రాకపోవడం ఉంటే వెంటనే వెళ్లాలి. నెలసరి రోజుల్లో మలవిసర్జన సమయంలో పొడిచే నొప్పి, కలయికలో నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది గర్భసంచి బయట పెరిగే జబ్బు) గురించి స్త్రీల వైద్యురాలిని ప్రత్యేకంగా అడగండి. దాని కడుపు లక్షణాలు సీలియాక్‌ను అచ్చం పోలి ఉంటాయి, ఏళ్లపాటు గ్యాస్ సమస్యగా చెలామణి అవుతాయి. సీలియాక్ ఉన్నవారిలో థైరాయిడ్ జబ్బులు ఎక్కువ. థైరాయిడ్ మందగిస్తే నెలసరి అధికమవుతుంది, మలబద్ధకమూ వస్తుంది, కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష కూడా చేయించండి. గర్భనిరోధక మాత్ర వాడేవారు, వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే ఆ మాత్ర పనిచేయలేదనుకుని ఏం చేయాలో అడగాలి.

గ్యాస్ట్రోఎంటరాలజిస్టు పేగును చూస్తారు, స్త్రీల వైద్యురాలు గర్భసంచిని చూస్తారు. ఇద్దరికీ ఒకే పుస్తకం చూపించండి. మూడు చక్రాల సారాన్ని ఒక్క పుటలో రాసి ఇస్తే చదువుతారు. మొత్తం పుస్తకం ఇస్తే పక్కన పెడతారు. టీటీజీ, ఫెర్రిటిన్ పరీక్షలకు నెలసరి రోజు చూసుకోవాల్సిన పని లేదు. గోధుమ మానిన ఆరు నెలలకు, ఏడాదికి టీటీజీ మళ్లీ చేయించి తగ్గుతోందో లేదో గమనించాలి. తగ్గకపోతే హార్మోన్ల మాట పక్కనపెట్టి మళ్లీ అయిదో మెట్టుకు రావాలి. ఆ పరీక్ష మామూలుగా ఉన్నా అప్పుడప్పుడూ పడే కొద్దిపాటి గ్లూటెన్‌ను అది పట్టుకోలేకపోవచ్చు. అందుకే ఆహార నిపుణురాలి దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంగువ డబ్బా, పిండి పొట్లాలు, సాంబారు పొడి, నొప్పి మాత్రల అట్ట, అన్నింటి వెనుక వైపు ఫోటోలు తీసి పట్టుకెళ్లండి.